స్థాలీపులాకన్యాయము చెల్లని చోటు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండనంతటిని కుమ్మరించి చూడనక్కరలేదు. గరిటెతో ఒక మెతుకు తీసి, వ్రేళ్ళ నడుమ నొక్కి చూచిన చాలును. ఆ ఒక్క మెతుకే కుండ అంతటికిని సాక్ష్యము చెప్పును. దీనికే మన పెద్దలు స్థాలీపులాకన్యాయమని పేరు పెట్టినారు. ధాన్యపు వర్తకుడు బస్తాలోనుండి గుప్పెడు గింజలు తీసి చూచి ధర చెప్పుటయు, వైద్యుడు కొద్దిపాటి రక్తమును పరీక్షించి దేహస్థితిని నిర్ణయించుటయు ఈ న్యాయము ననుసరించియే. లోకవ్యవహారములో సగము ఈ న్యాయము మీదనే నడచుచున్నదన్నను అతిశయోక్తి కాదు.

ఐతే ఈ న్యాయము చెల్లని చోటు ఒకటి ఉన్నది. రాయి, గాజు, బొగ్గు, కాంక్రీటు మొదలైన పెళుసు పదార్థముల బలము విషయములో చిన్న ముక్క చెప్పిన సాక్ష్యమును పెద్ద దిమ్మెకు వర్తింపజేసినచో మోసపోవుదుము. ఈ సత్యమును గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు నాలుగు వందల యేండ్లకు పైగా పట్టినది. దానిని పట్టించుకొనని చోట్ల మనుష్యులు ప్రాణములు కోల్పోయినారు. ఆ కథనే నేడు శ్రోతలకు విన్నవింపదలచినాము.

కొన్నేండ్ల క్రిందట మా యింటిలో అటక వేయించుటకై కడప బండలు కొనవలసి వచ్చినది. బండల దుకాణములో అరచేతి వెడల్పున పడియున్న ఒక ముక్కను తీసి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చూచినాము. అది చెక్కుచెదరలేదు. రాయి గట్టిదేనని తృప్తిపడి, ఆ జాతిదే ఆరడుగుల బండ నొకదానిని బండిలో పెట్టుమన్నాము. అక్కడ పనిచేయు ముసలి తాపీ మేస్త్రి చిరునవ్వు నవ్వి, చిన్న సుత్తితో బండ పొడవునా తట్టుచు, చెవి దగ్గర పెట్టి వినినాడు. ఖంగుఖంగుమనుచున్న ధ్వని ఒకచోట బొంగురుపోయినది. "ముక్కను చూసి బండకు పూచీ పడకూడదు బాబూ! ముక్కలో లేని నెర్రె బండలో ఉంటుంది" అని చెప్పి ఆ బండను ప్రక్కకు నెట్టినాడు. ఆ మేస్త్రి యే కళాశాలలోను చదివినవాడు కాడు. కాని ఆయన చెప్పిన ఆ రెండు వాక్యములలో ఒక శాస్త్రమంతయు ఇమిడి యున్నదని మాకు తరువాత తెలిసివచ్చినది.

ఈ విషయమును మొట్టమొదట ప్రయోగముచే తెలిసికొనదలచినవారిలో లియొనార్డో డావించీ ఒకడు. చిత్రకారుడుగా ఆయన కీర్తి జగద్విదితము. కాని ఆయన వ్రాతప్రతులలో యంత్రములకును, పదార్థముల బలమునకును సంబంధించిన పుటలు ఎన్నో కలవు. 'కోడెక్స్ అట్లాంటికస్' అని పిలువబడుచు మిలాన్ నగరములో భద్రపరుపబడిన సంపుటములో ఇనుప తీగెల బలమును పరీక్షించు విధానము బొమ్మతో సహా ఉన్నది. ఒక తీగెను పై నుండి వ్రేలాడదీసి, దాని కొసకు బుట్ట కట్టవలెను. ప్రక్కనున్న తొట్టి రంధ్రమునుండి ఇసుక సన్నని ధారగా బుట్టలోనికి జారవలెను. తీగె తెగిన క్షణముననే ఒక స్ప్రింగు ఆ రంధ్రమును మూసివేయును. అప్పుడు బుట్టలోని ఇసుకను తూచినచో తీగె ఎంత బరువునకు తెగినదో తెలియును. ఏ చోట తెగినదో కూడ వ్రాసికొనవలెనని లియొనార్డో హెచ్చరించినాడు. పిదప తీగె పొడవును సగమునకు, ఆ సగమును మరల సగమునకు తగ్గించి, ప్రతిమారును ఎంతెంత బరువు ఎక్కువగా మోయుచున్నదో గమనింపుమన్నాడు.

పొడవు తగ్గిన కొలది బలము పెరుగునన్న ఈ ఊహను తరువాతివారు కొందరు లియొనార్డో పొరపాటుగా భావించినారు. తీగె మందము మారనప్పుడు పొడవుతో బలమున కేమి సంబంధమని వారి ప్రశ్న. కాని ఆ కాలమునాటి ఇనుప తీగె నేటి తీగె వలె సమముగా ఉండెడిది కాదు. అందు అడుగడుగునను లోపములు ఉండెడివి. పొడవైన తీగెలో పెద్ద లోపము తటస్థపడు అవకాశము ఎక్కువ. ఆ విధముగా చూచినచో లియొనార్డో అడిగిన ప్రశ్న సరియైనదే.

లియొనార్డో మరణించిన నూట పందొమ్మిది సంవత్సరములకు, అనగా 1638లో, గెలీలియో వ్రాసిన 'రెండు నూతన శాస్త్రములు' అను గ్రంథము హాలెండు దేశములోని లైడెన్ నగరములో అచ్చయినది. అప్పటికి గెలీలియో వృద్ధుడు. చూపు కోల్పోయి, గృహనిర్బంధములో ఉన్నవాడు. ఆ రెండు శాస్త్రములలో ఒకటి చలన శాస్త్రము కాగా, రెండవది పదార్థముల బలమును గూర్చినది. గ్రంథము వెనిస్ నగరపు నౌకా నిర్మాణశాలను ప్రస్తుతించుచు, మువ్వురు మిత్రుల సంభాషణగా ఆరంభమగును. చిన్న నమూనాలో చక్కగా నిలిచిన యంత్రము అదే పోలికతో పెద్దదిగా నిర్మించినప్పుడు ఏల నిలువదు? ఇదియే వారి మొదటి ప్రశ్న.

గెలీలియో ఇచ్చిన సమాధానము నేటికిని సత్యమే. ఒక వస్తువు కొలతలన్నియు రెట్టింపు చేసినచో దాని అడ్డుకోత వైశాల్యము నాలుగు రెట్లగును. బరువు మాత్రము ఎనిమిది రెట్లగును. కనుక ప్రతి చదరపు అంగుళము మీదను పడు భారము రెట్టింపగును. పెద్ద జంతువుల ఎముకలు పొడవునకు మించి లావుగా ఉండుటకు కారణమిదే. ఇదే సందర్భములో గెలీలియో ఒక చలువరాతి స్తంభపు కథ చెప్పినాడు. దానిని రెండు దూలముల మీద పరుండబెట్టియుండగా, నడుమ విరుగునేమోనని మరియొకరు మధ్యలో మూడవ దూలమును చేర్చినారట. కొన్ని నెలలకు కొనయందలి దూలము చివికి క్రుంగిపోగా, స్తంభము సరిగా ఆ మధ్య దూలము మీదనే విరిగినదట. అదే రాతితో చేసిన చిన్న స్తంభమునకు ఇట్టి ఆపద కలిగెడిది కాదని గెలీలియో వ్యాఖ్యానించినాడు.

ఇక్కడ శ్రోతలు ఒక భేదమును గమనింపవలెను. గెలీలియో చెప్పినది స్వంత బరువును గూర్చిన లెక్క. ఆ లెక్కలో చదరపు అంగుళము రాయి మోయగల భారము మాత్రము చిన్న ముక్కలోను, పెద్ద స్తంభములోను ఒకటే. మన మేస్త్రి చెప్పినది మరియొకటి. ఆయన లెక్కలో చదరపు అంగుళపు బలమే పెద్ద బండలో తగ్గిపోవును. గెలీలియో ఈ రెండవ మాటకు చాల దగ్గరగా వచ్చినాడు. పొడవైన త్రాడు పొట్టి త్రాడుకంటె బలహీనమని సంభాషణలో ఒకరు అనగా, త్రాడు ఎంత పొడవైనను తెగునది తనలోని అతి బలహీనమైన చోటనే కదా యని మరియొకరిచే వాదింపజేసినాడు. అయితే పొడవు పెరిగిన కొలది అట్టి చోటు మరింత బలహీనముగా ఉండు అవకాశము పెరుగునన్న రెండవ మెట్టును ఆయన ఎక్కలేదు.

ఆ మెట్టును చూపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడైన మారియట్. వాయువుల ధర్మములను గూర్చి చదువుకొన్నవారికి ఈయన పేరు పరిచితమే. నీటి గొట్టముల మందము నిర్ణయించుటకై ఆయన పదార్థముల బలమును పరిశీలించినాడు. మరణానంతరము 1686లో ప్రకటింపబడిన ఆయన గ్రంథములో, పొడవైన త్రాడును, పొట్టి త్రాడును సమానమైన బరువునే మోయుననియు, పొడవైన దానిలో ఎక్కడనైన లోపమున్నచో మాత్రము అది ముందుగా తెగుననియు వ్రాసినాడు. పదార్థము అంతటను ఒకే తీరుగా ఉండదు. దాని దృఢత్వము చోటుచోటునకు మారుచుండును. బీజప్రాయముగా సిద్ధాంతమంతయు ఇందులోనే ఉన్నది. కాని ఆ బీజము మొలకెత్తుటకు రెండు వందల ముప్పది నాలుగు సంవత్సరములు పట్టినది.

1920వ సంవత్సరములో అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ అను ఇరువది యారేండ్ల ఆంగ్ల యువకుడు లండన్ రాయల్ సొసైటీకి ఒక వ్యాసమును సమర్పించినాడు. ఆయన ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనశాలలో ఇంజనీరు. విమానపు యంత్రములలో తిరుగు లోహపు భాగముల మీద సన్నని గీతలున్నచో అవి ముందుగా విరుగుచుండెను. కంటికి ఆనని గీత అంత హాని ఏల చేయవలెను? అంతకు ఏడేండ్ల ముందు, 1913లో, కేంబ్రిడ్జి పండితుడైన ఇంగ్లిస్, పలకలో కోలగానున్న రంధ్రపు కొనలయందు లాగుడు ఎన్నో రెట్లు పెరుగునని గణితముచే చూపియుండెను. రంధ్రము ఎంత సన్ననిదైతే కొనయందు లాగుడు అంత తీవ్రము. కాని ఆ గణితము ప్రకారము చిన్న గీతయైనను, పెద్ద గీతయైనను ఆకారము ఒకటే అయినచో హాని సమానముగా ఉండవలెను. అనుభవము మాత్రము పెద్ద గీతయే ప్రమాదకరమని చెప్పుచుండెను.

గ్రిఫిత్ ఈ చిక్కును ఆదాయవ్యయముల లెక్కవలె విప్పినాడు. బిగబట్టిన పదార్థములో శక్తి దాగి ఉండును. పగులు కొంచెము సాగినచో దాని చుట్టునున్న పదార్థము సడలి, అందు దాగిన శక్తి విడుదలయగును. ఇది పగులునకు ఆదాయము. సాగినప్పుడెల్ల రెండు క్రొత్త తలములు ఏర్పడవలెను. అందుకు శక్తి కావలెను. ఇది పగులునకు వ్యయము. వ్యయము పగులు పొడవుతో సమముగా పెరుగును. ఆదాయము మాత్రము పొడవు యొక్క వర్గముతో పెరుగును. పగులు చిన్నదిగా ఉన్నంతకాలము వ్యయమే ఎక్కువ; కనుక అది కదలదు. ఒక హద్దు దాటిన తరువాత ఆదాయము మించిపోవును. అంతట పగులు తన ఖర్చు తానే సంపాదించుకొనుచు, క్షణములో వస్తువును రెండుగా చీల్చివేయును. పగులు పొడవు నాలుగింతలైనచో ఆ వస్తువు మోయగల భారము సగమునకు పడిపోవును. ఇదియే గ్రిఫిత్ సూత్రము. అద్దముల పనివాడు వజ్రపు ములికితో గాజు మీద ఒక్క గీత గీసి, రెండు చేతులతో మెల్లగా వంచి, కోరిన చోట విరుచుటలోని రహస్యమును ఈ సూత్రము బోధించుచున్నది.

తన సిద్ధాంతమును నిరూపించుటకు గ్రిఫిత్ గాజునే ఎన్నుకొన్నాడు. గాజును కరగించి, సన్నని దారములుగా లాగి, వాటికి బరువులు కట్టి పరీక్షించినాడు. సుమారు ఒక మిల్లీమీటరు మందము గల గాజు కడ్డీ చదరపు అంగుళమునకు 24,900 పౌన్ల లెక్కన మోసి తెగినది. మందము తగ్గిన కొలది బలము పెరుగుచు వచ్చినది. ఆయన పరీక్షించిన దారములలో అతి సన్ననిది మిల్లీమీటరులో మూడు వందలవ వంతు మందము గలది. అది చదరపు అంగుళమునకు 4,91,000 పౌన్ల లెక్కన మోసినది. పదార్థము ఒకటే, పరిమాణము తగ్గినంతమాత్రమున బలము సుమారు ఇరువది రెట్లు పెరిగినది! అప్పుడే లాగిన దారము మరింత బలముగా ఉండి, కొన్ని గంటలలో కొంత బలమును కోల్పోవుటను కూడ ఆయన గమనించినాడు. ముట్టుకొన్నను, దుమ్ము తాకినను గాజు పైతలము మీద సూక్ష్మమైన గీతలు ఏర్పడుననియు, గాజు బలహీనతకు అవియే ప్రధాన కారణమనియు తరువాతి పరిశోధకులు నిర్ధారించినారు. సన్నని దారములో పెద్ద లోపమునకు చోటే లేదు. లావైన కడ్డీలో చోటున్నది. రహస్యమంతయు ఇంతే.

లోపముల సంగతి ఇట్లుండగా, వాటి అవకాశములను లెక్కించు పని మరియొక దిక్కునుండి ఆరంభమైనది. అది నేత పరిశ్రమ. 1926లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున నూలు పరిశోధనశాలలో పనిచేయుచుండిన పియర్స్ అను నాయన, నూలు పోగు బలమును గొలుసుతో పోల్చి ఒక సిద్ధాంతమును ప్రకటించినాడు. గొలుసు బలము దాని అతి బలహీనమైన లంకె బలమునకు మించదు. పోగు పొడవైన కొలది లంకెలు పెరిగినట్లు. మగ్గము ముందు కూర్చున్న మన నేతగాని కిది క్రొత్త మాట కాదు. జానెడు పోగును లాగి చూచి పడుగునంతటిని నమ్మకూడదని అతడెరుగును.

దీనిని చిన్న లెక్కతో చూపవచ్చును. వంద లంకెలకు ఒకటి చొప్పున బలహీనమైనది తయారగుచున్నదనుకొందము. పది లంకెల గొలుసులో ఒకటైనను బలహీనమైనది చేరు అవకాశము సుమారు నూటికి పది పాళ్ళు. వంద లంకెల గొలుసులో ఆ అవకాశము నూటికి అరువది మూడు. లంకెల నాణ్యము మారలేదు, కొలిమి మారలేదు, కమ్మరి మారలేదు. గొలుసు పెరిగినది, అంతే. 1939లో స్వీడన్ దేశపు ఇంజనీరు వాలొడ్డి వైబుల్ ఈ భావమునే ఘన పదార్థముల కన్నిటికిని విస్తరింపజేసి, పరిమాణమునుబట్టి బలమెంత తగ్గునో చెప్పు గణితసూత్రము నొకదానిని రూపొందించినాడు. నేడు బంతుల బేరింగులు మొదలుకొని పింగాణీ పనిముట్లవరకు ఎన్నింటి మన్నికనో ఆ సూత్రముతోనే అంచనా వేయుచున్నారు.

ఐతే ఇంజనీరు ఎదుట ఒక ప్రశ్న నిలిచినది. పరిమాణము పెరిగిన కొలది బలము అంతులేక తగ్గుచునే పోవునా? పోవునన్నచో కొండంత ఆనకట్టను ఏ ధైర్యముతో కట్టవలెను? మరియొక విధముగా అడిగినచో, కుండ సంగతి నిజముగా చెప్పవలెనన్న మెతుకు ఎంత పెద్దదై ఉండవలెను?

1930 తరువాత అమెరికాలో కొలరాడో నదిపై బౌల్డర్ ఆనకట్ట, అనగా నేటి హూవర్ ఆనకట్ట, నిర్మింపబడుచుండగా ఈ ప్రశ్న ఎదురైనది. అందులో వాడిన కాంక్రీటులో పెద్ద పెద్ద రాళ్ళు కలవు. ఆరంగుళముల వ్యాసము, పన్నెండంగుళముల ఎత్తు గల మామూలు మచ్చులో అవి పట్టవు. కనుక డెన్వరు నగరపు పరిశోధనశాలలో మూడడుగుల వ్యాసము, ఆరడుగుల ఎత్తు గల స్తంభములను పోతపోసి, బ్రహ్మాండమైన యంత్రముతో నలిపి చూచినారు. వాటి బలము మామూలు మచ్చు బలముకంటె సుమారు ఆరింట ఒక వంతు తక్కువగా తేలినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. పరిమాణము పెరిగిన కొలది తరుగుదల నెమ్మదించుచు వచ్చినది. పరిమాణముతో కాంక్రీటు బలము తగ్గుటకు లోపముల అవకాశము ఒక్కటియే కారణము కాదనియు, పెద్ద దిమ్మెలో పగులు సాగునప్పుడు విడుదలయగు శక్తి అధికమగుట మరియొక కారణమనియు 1984లో అమెరికాలో బజాంట్ అను ఆచార్యుడు సిద్ధాంతీకరించినాడు. గ్రిఫిత్ చూపిన ఆదాయవ్యయముల లెక్కయే అక్కడ మరల ప్రత్యక్షమైనది.

ఇంతవరకు చెప్పినది పరిశోధనశాలల కథ. ఇప్పుడు నేల క్రిందికి దిగుదము.

బొగ్గు గనులలో ఒక ప్రాచీన పద్ధతి కలదు. బొగ్గునంతటిని తీసివేయక, నిలువుకు, అడ్డమునకు దారులు త్రవ్వుచు, నడుమ చదరపు స్తంభములను వదలుదురు. ఆ స్తంభములే పైనున్న భూభారమునంతటిని మోయవలెను. స్తంభములు లావైనచో బొగ్గు భూమిలోనే మిగిలిపోవును. సన్నగిల్లినచో కప్పు కూలును. ఎంత లావు చాలునన్నదే ప్రశ్న. చేతిలో పట్టునంత బొగ్గు ముక్కను ఘనముగా చెక్కి, యంత్రములో నలిపి, వచ్చిన బలమును స్తంభపు వైశాల్యముతో హెచ్చవేసినచో సమాధానము ఎంతో ఆశాజనకముగా వచ్చును. కాని బొగ్గు ముక్క చేతికి వచ్చునప్పటికే తనలోని పెద్ద నెర్రెల వెంట విడిపోయి వచ్చినది. చేతిలో మిగిలినది గట్టి భాగము. విడివడిన నెర్రెలన్నియు స్తంభములోనే ఉన్నవి.

1960 జనవరి 21వ తేదీన దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో ఇట్టి స్తంభములు కూలిపోయినవి. ఒకటి విరుగగా దాని భారము ప్రక్క స్తంభముల మీద పడినది. అవి విరిగి తమ భారమును మరి నాలుగింటి మీదికి నెట్టినవి. ఈ విధముగా వందల కొలది స్తంభములు స్వల్ప కాలములో నేలమట్టమైనవి. అంతకు మూడు వారముల ముందు, 1959 డిసెంబరు చివర, అదే గనిలో ఒక భాగము కూలియుండెను. ఆ హెచ్చరిక ఫలింపలేదు. జనవరినాటి ప్రమాదములో నాలుగు వందల ముప్పది మందికి పైగా గనివారు లోపల చిక్కుకొని మరణించినారు. వారిలో చాలమంది బసూటోలాండ్ నుండియు, మొజాంబిక్ నుండియు పొట్టకూటికై వచ్చిన నల్లజాతి కూలీలు. పైనుండి బొరియలు త్రవ్వి వెదకినారు, పిలిచినారు, జవాబు రాలేదు. ఒక్కరి దేహమును కూడ వెలికితీయుట సాధ్యము కాలేదు.

ఈ ఘోరమునకు కారణము మచ్చు ముక్కను నమ్ముట యొక్కటియే అని మేము చెప్పుటలేదు. స్తంభము బలమెంతయో నిర్ణయించుటకు అక్కడ అందరును అంగీకరించిన సూత్రము ఆనాటికి లేకపోవుట అసలు లోపము. పూర్వానుభవము, అంచనా, ధైర్యము అను మూడింటి మీదనే గనులు నడచుచుండెను. ఆ విషాదము తరువాతనే శాస్త్రము ఆ గనులలోనికి నిజముగా అడుగుపెట్టినది.

అది రెండు మార్గములలో సాగినది. సాలమన్, మన్రో అను ఇద్దరు పరిశోధకులు పరిశోధనశాల ముక్కను ప్రక్కకు నెట్టి, గనులనే పరీక్షా మందిరములుగా భావించినారు. నిలిచిన స్తంభముల చోట్లు 98, కూలిన చోట్లు 27 ఎంచుకొని, వాటి వెడల్పును, ఎత్తును, మీది భారమును పరిశీలించి, 1967లో ఒక సూత్రమును ప్రకటించినారు. ఆ సూత్రము ప్రకారము స్తంభపు ఆకారము మారకుండ కొలతలన్నియు రెట్టింపైనచో ప్రతి చదరపు మీటరు బలము సుమారు పదమూడు పాళ్ళు తగ్గును. రెండవ మార్గము బియెనియావ్‌స్కీ అను పరిశోధకునిది. ఆయన గనిలోనే బొగ్గు గోడనుండి విడదీయకుండ, ఘనములను చెక్కి, అక్కడికక్కడే జాకీలతో నలిపి చూచినాడు. చిన్న ఘనములనుండి పెద్ద ఘనములకు పోయిన కొలది బలము వేగముగా పడిపోయినది. సుమారు ఒకటిన్నర మీటర్ల పరిమాణము వచ్చుసరికి ఆ పతనము ఆగినది. 1968లో ప్రకటింపబడిన ఈ ఫలితముతో ఇంజనీరుల ప్రశ్నకు సమాధానము దొరికినది. తన జాతికి సహజమైన నెర్రెలన్నియు తనలో ఇముడునంత పెద్దదైనప్పుడే మచ్చు నిజము చెప్పును. ఆ బొగ్గు విషయములో మెతుకు పరిమాణము సుమారు మనిషి భుజమెత్తు అన్నమాట; అరచేతిలో పట్టునది కాదు.

ఈ మాటలు మన తెలుగునేలకు దూరమైనవి కావు. గోదావరి లోయలో బొగ్గు పొరలు సింగరేణి ప్రాంతమున, ఇల్లందు పరిసరములలో, పందొమ్మిదవ శతాబ్దములో బయల్పడినవి. ఆ శతాబ్దము ముగియక ముందే అక్కడ త్రవ్వకము మొదలైనది. 1920లో కంపెనీ సింగరేణి పేరు ధరించినది. అక్కడి భూగర్భ గనులలో, అక్కడివారి మాటలో బొగ్గుబాయిలలో, స్తంభములు వదలి దారులు త్రవ్వు పద్ధతియే తరతరములుగా నడచినది. మన దేశపు 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలో గని లోతునుబట్టియు, దారి వెడల్పునుబట్టియు స్తంభము కనీసము ఎంత లావుండవలెనో పట్టిక వేసి నిర్ణయించినారు. 2017లో వాటి స్థానమున క్రొత్త నిబంధనలు వచ్చినవి. ధన్‌బాద్‌లోని గనుల పరిశోధన సంస్థవారు మన బొగ్గు స్తంభములకు తగిన సూత్రమును వేరుగా రూపొందించినారు. అందులో రెండున్నర సెంటీమీటర్ల ఘనపు బలము ఒక అంశముగా ఉన్నది గాని, దానిని ఉన్నదున్నట్లు తీసికొనలేదు. పావు వంతుకు కొంచెము మించినంతగా తగ్గించి, స్తంభపు ఎత్తునుబట్టి మరియు తగ్గించి, ఆ తరువాతనే లోతును, వెడల్పును లెక్కలోనికి తెచ్చినారు. చిన్న ముక్క సాక్ష్యమును కొట్టివేయలేదు. దానికి ఎంత విలువ నీయవలెనో అంతయే ఇచ్చినారు. గనిలోనికి దిగిన తండ్రియో, అన్నయో, భర్తయో సాయంకాలము ఇల్లు చేరుట ఈ తగ్గింపు మీద ఆధారపడి యున్నదని మరువరాదు.

పరిమాణము పెరిగిన బలము తగ్గునన్న సత్యములో నిరాశకే కాక ఆశకును చోటున్నది. దానిని తిరుగవేసి చదివినచో, సన్నగిల్లిన కొలది బలము పెరుగును. గ్రిఫిత్ లాగిన గాజు దారపు సంతతియే నేడు పడవలకును, నీటి తొట్లకును, గాలిమరల రెక్కలకును వాడు గాజునార. నేడు మన పలుకును, పాటను దేశదేశములకు మోయుచున్న కాంతి తంతువులు కూడ గాజువే. మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మందము గల ఆ తంతువును కొలిమినుండి లాగుచుండగనే, దేనిని తాకకమునుపే, పైన మెత్తని పూత పూయుదురు. గ్రిఫిత్ చూచిన ఆ కొన్ని గంటల బలహానిని తప్పించుటకే ఈ జాగ్రత్త. అంతటితో తృప్తిపడరు. కొంచెము తుంచి పరీక్షించి మిగిలినదానికి పూచీ పడరు. కిలోమీటర్ల కొలది తంతువునంతటిని, ఒక్క అంగుళము కూడ విడువక, నిర్ణీతమైన బలముతో లాగి చూచి, తెగక నిలిచిన దానినే చుట్టకు చుట్టుదురు.

అనగా కుండలోని ప్రతి మెతుకును పట్టి చూచుచున్నారన్నమాట. అన్నము విషయములో అది వెర్రి. గాజు విషయములో అదియే వివేకము. ఏ న్యాయము ఎక్కడ చెల్లునో, ఎక్కడ చెల్లదో తెలిసికొనుటకు మానవునకు లియొనార్డో ఇసుకబుట్టనుండి కోల్‌బ్రూక్ చీకటివరకు నడువవలసి వచ్చినది.

మా యింటి అటక మీది బండ నేటికిని చెక్కుచెదరక నిలిచి యున్నది. నిలువునా తట్టి, విని, ఆ మేస్త్రి ఎంచి యిచ్చిన బండ అది. దాని క్రిందనుండి పోయినప్పుడెల్ల ఆయన మాటయే మా చెవిలో మ్రోగుచుండును: ముక్కను చూచి బండకు పూచీ పడకూడదు.